వడగట్టిన గాలి

రాత్రి డ్యూటీ దిగుతున్న కొమురెల్లి రాసిపెట్టిన అంకెల కింద ఆమోసు ఒక గీత గీసి, తేదీ వేసి, తన పేరు రాశాడు. ఆ తర్వాత ఎడమ చెవిని టాంకు ఉక్కు పొట్టకు ఆనించాడు. కుడి చెవి బొగ్గు బాయిలోనే పోయింది. లోపల గాలి బుడగలు అడుగు నుంచి పైకి పోతున్న చప్పుడు, మూత పెట్టిన గిన్నెలో అన్నం ఉడుకుతున్నట్టు వినిపించింది. అరచేయి ఆనించి చూశాడు. గోరువెచ్చగా ఉంది. గోడ మీది పెట్టె ముప్పై డిగ్రీలంటోంది. అరచేయీ పెట్టే ఒకే మాట మీద ఉన్నందుకు ఆమోసుకు ప్రతి పొద్దూ కలిగే చిన్న సంతోషం ఈ పొద్దూ కలిగింది.

"టాంకుకు చెవి పెట్టి ఏమింటవ్ బావా?" అన్నాడు కొమురెల్లి చెప్పులు తొడుక్కుంటూ. "కడుపుతోటి ఉన్నదాని పొట్టకు పెట్టినట్టు."

"తన్నుతున్నది."

"తన్ననీ. గీసారన్న నిలువనీ. మల్ల పాడైతే ఆ పంతులు బిడ్డ మొఖం నేనైతే చూడ."

కొమురెల్లి పాత సైకిలు కిర్రుమంటూ గేటు దాటింది. ఏడు గంటల సైరన్ మోగింది. ఊరంతా మొదటి షిఫ్టుకు దిగిపోయింది. ఆమోసు బాయిలరు ముందు కూర్చుని ఊక ఇటుకలు ఒక్కొక్కటే లోపలికి తోశాడు. మూడు ఇటుకలకు ఒకసారి ఆగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఊపిరి తన దగ్గరికి వచ్చేదాకా ఎదురుచూశాడు. ఈ మధ్య అది తొందరగా రావడం లేదు.

ఆ షెడ్డు ఒకప్పుడు లారీలు బాగుచేసే చోటు. రెండు వేల ఐదులో ఒక సొసైటీ వాళ్ళు దాన్ని తీసుకుని, ఐదు వందల లీటర్ల టాంకు, బాయిలరు, ఒక ఆరబెట్టే యంత్రం పెట్టి, గేటుకు 'ఉమ్మడి ప్రయోగ కేంద్రం' అని బోర్డు కట్టారు. సీసాలో ఏదైనా పండించినవాళ్ళు, అది పెద్ద ఎత్తున పండుతుందో లేదో ఇక్కడ చూసుకోవచ్చు. ఎవరి టాంకు వాళ్ళు కొనుక్కోలేరు కాబట్టి అందరికీ ఇదే టాంకు, వంతుల వారీగా. ఇంట్లో నలుగురికి పప్పు చేసే చెయ్యి పెళ్ళిలో నాలుగు వందల మందికి చెయ్యబోతే ఎలా తడబడుతుందో, ఇక్కడికి వచ్చే సీసాలూ అలాగే తడబడేవి. అడవి గింజల నుంచి డీజిల్ తీస్తామన్నవాళ్ళు వచ్చారు. మక్కజొన్న పిండితో సంచులు చేస్తామన్న ఇద్దరు అన్నదమ్ములు వచ్చి, టాంకంతా గంజి కట్టించి, దాన్ని గీకడానికి ఆమోసుకు నాలుగు రోజుల పని పెట్టి పోయారు. గోలేటి నుంచి వచ్చిన ఆడవాళ్ళు వేపనూనె సబ్బు చేశారు. అది మాత్రం కుదిరింది. ఆమోసు ఇప్పటికీ దానితోనే స్నానం చేస్తాడు.

వచ్చినవాళ్ళ పేర్లు అతనికి గుర్తుండవు. వాసనలు గుర్తుంటాయి.

ఇప్పుడు టాంకులో ఉన్నది వేదికది. మంథనిలో బడిపంతులు వేంకటరమణ గారి బిడ్డ, ఇరవై ఆరేళ్ళు, సూక్ష్మజీవుల చదువు చదివింది. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో తవ్వి పోసిన మట్టి గుట్టల మీద ఏటా వానాకాలం మొక్కలు నాటుతారు, ఏటా ఎండాకాలం అవి ఎండిపోతాయి. ఆ గుట్టల మీద ఎవరూ నాటకుండానే ఒక పిచ్చిమొక్క పచ్చగా బతుకుతుంటే, వేదిక దాని వేరు పట్టుకున్న జీవాన్ని గీకి తెచ్చి సీసాలో పెంచింది. ఆ నీళ్ళు పోసిన కానుగ మొక్కలు గుట్ట మట్టిలోనే కుండీల్లో రెండేళ్ళు నిలిచాయి. మొక్కలు నాటే ఆఫీసువాళ్ళు ఒకే మాట చెప్పారు: వానలకు ముందు ఐదు వందల లీటర్లు తెస్తే ఐదెకరాల్లో పోసి చూస్తాం. రెండుసార్లు టాంకులో వేసింది. రెండుసార్లూ పాడైంది. ఇది మూడోది, నిన్న సాయంత్రమే విత్తనం పోసింది. మే నెల సగం దాటింది. తర్వాతి వంతు డిసెంబరులోగాని రాదు, అప్పటికి ఆమెకు వచ్చే ఫెలోషిప్ కూడా అయిపోతుంది.

ఎనిమిదిన్నరకు మంథని బస్సు దిగి వచ్చింది వేదిక. పోయిన రెండుసార్లూ పొద్దున చుక్క నీళ్ళు తీసి చూసుకుని ఆఫీసుల చుట్టూ తిరగడానికి పోయేది, సాయంత్రం నాలుగింటికి వచ్చేది. ఈసారి ఎక్కడికీ పోనంది. పక్క గదిలో కూర్చుని సూక్ష్మదర్శినిలో కళ్ళు పెట్టింది.

పది గంటలకు ఆమోసు టీ తాగి, స్పానరు తీసుకుని, టాంకు మీదికి నిచ్చెన ఎక్కాడు. పైన చెయ్యి పట్టేంత గుండ్రటి మూత, దానికి నాలుగు నట్లు. ఈ పని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన పనిలేదు కూడా.

బాయిలో అతనిది ఇరవై ఆరేళ్ళు పరదాలు కట్టే పని. భూమి లోపల గాలి తనంతట తాను మూలలకు పోదు. మందపాటి గుడ్డలు కట్టి, దాన్ని దారి మళ్ళించి, మనుషులు బొగ్గు కొట్టే చోటికి తోలుకుపోవాలి. ఆ పని చేసినవాణ్ణి ఎవరూ గుర్తుంచుకోరు, గాలి ఆడినన్నాళ్ళు. తొంభై రెండులో ఒక మూలన పరదా జారింది. తాను కట్టిన ముడే వదులైందో, ఎవరైనా పక్కకు తీసి మరిచారో, ఎవరికీ తెలియలేదు. ఆ మూలలో ఆగయ్య అనే కూలీ ఊపిరాడక పోయాడు. ఆమోసును ఎవరూ ఏమీ అనలేదు. ఎవరైనా అని ఉంటే బాగుండునని అతనికి చాలా ఏళ్ళు అనిపించింది. తర్వాత వాలంటరీ రిటైర్మెంటు తీసుకుని బయటికి వచ్చాడు గాని, మూసి ఉన్నదేదైనా చూస్తే అతని చేతులు ఊరుకోవు. ఇంట్లో కిటికీలు చలికాలం కూడా తెరిచే ఉంటాయి. భార్య రాహేలు దుప్పటి మీద దుప్పటి కప్పుకుని సణుగుతూ పడుకుంటుంది.

మొదటి నట్టు మీద స్పానరు పెట్టాడు.

"కాకా! చూడుండ్రి, ఎంత శుభ్రంగ ఉన్నదో!"

వేదిక కింద నిలబడి గాజు పలక ఊపుతోంది. అంతలోనే ఆమె ముఖం వాడింది. "కాని పోయిన రెండుసార్లు గూడ గిట్లనే ఉండె. పొద్దుగాల మంచిగుంటది, నాలుగింటికి చూస్తె ఏవేవో వేరే జీవాలు చేరుతయి. రాత్రంత ఏం కాదు, పగలే పాడైతది. ఎండకా అనుకున్న. ఎండ కాదు, టాంకు చల్లగనే ఉంటున్నది. ఇగ నా చేతులే మంచియి కావు కాకా. మొదట్ల విత్తనం పోసేటప్పుడే ఏదో కలిపేస్తున్న."

ఆమె చేతులు చూపించింది. స్పిరిటుతో కడిగి కడిగి వేళ్ళ కొసల తోలు లేచిపోయి ఉంది.

ఆమోసు నిచ్చెన మీద అలాగే ఉండిపోయాడు. రాత్రంతా ఏం కాదు. రాత్రి కొమురెల్లి ఉంటాడు. పగలే పాడవుతుంది. పగలు ఎవరుంటారు?

"మీరు పైన ఏం చేస్తున్నరు?"

"నట్టు... వదులైందేమోనని చూస్తున్న బిడ్డా."

దిగివచ్చాడు. స్పానరు డబ్బాలో పెట్టి, డబ్బా మూత వేసి, డబ్బాను బల్ల కిందికి నెట్టాడు. నేల కడిగాడు, కడిగిన నేలే మళ్ళీ కడిగాడు. చెప్పకపోతే ఏమీ కాదు. మూత తెరవకుండా ఉంటే చాలు, ఈసారి అది నిలుస్తుంది, ఆ పిల్ల నవ్వుతూ పోతుంది. కాని తన చేతులు మంచివి కావన్న మాట మాత్రం ఆమెతోనే పోతుంది. పరదా ముడి గురించి తనతో పదహారేళ్ళుగా వస్తున్నట్టు.

పన్నెండున్నరకు ఇద్దరూ అన్నం డబ్బాలు విప్పారు.

"ఎండురొయ్యలు బిడ్డా. నువ్వు అటు తిరిగి తిను."

"వాసనకు ఏం తిరుగుతం కాకా, షెడ్డంత నిండింది" అని నవ్వి, వేదిక తన డబ్బాలోంచి మామిడికాయ పప్పు అతని మూతలో వేసింది. "అమ్మ మీకని ఎక్కువ పెట్టింది. తిననోళ్ళకు వండుడు పాపమంటది, తినేటోళ్ళని చూస్తే ఆగదు."

ఆమోసు ముద్ద కలిపాడు, ఎత్తలేదు. "బిడ్డా, పాడైంది నీ చేతులతోని కాదు."

"మరి?"

"నాతోని."

చెప్పాడు. పొద్దున పది నుంచి గంటకొకసారి మూత రెండు వేళ్ళ మందం లేపేవాడినని, లోపల చెడుగాలి నిలవకూడదని, పది లెక్కపెట్టి మళ్ళీ బిగించేవాడినని చెప్పాడు. "రెండుసార్లు గూడ చేసిన. మంచి చేస్తున్ననే అనుకున్న."

వేదిక డబ్బాకు మూత పెట్టింది. లేచి నల్లా దగ్గరికి పోయి, చేతులు కడుక్కోబోయి, నల్లా తిప్పకుండానే ఆ చేతులను చూసుకుంటూ నిలబడింది.

"ఆరు నెలల సంది ఈ చేతులనే తిట్టుకుంటున్న కాకా" అంది. "నిద్రల గూడ కడుక్కున్న."

"సొసైటీ సారుకు చెప్పు. రేపటి సంది రాను."

"మీరు వస్తరో రారో తర్వాత సంగతి. ఇయ్యాల తెరిచిండ్రా?"

"లేదు. పొద్దుగాల నువ్వొచ్చినప్పుడు తెరువబోయిన."

ఆమె పెద్ద ఊపిరి వదిలింది. టాంకు పక్కకు నడిచి, గోడకు బిగించిన తెల్లటి గొట్టం లాంటి దాన్ని వేలితో తట్టింది. ఏడాదిన్నరగా ఆమోసు దాన్ని రోజూ పొడిగుడ్డతో తుడుస్తున్నాడు. అదేమిటో ఎవరూ చెప్పలేదు, అతను అడగలేదు.

"వాటికి గూడ గాలి కావాలె. గందుకే కద కింది నుంచి కొడుతున్నం. కాని దీంట్ల వడగట్టి కొడుతున్నం. పై నుంచి పోయే గాలికి గూడ గిసువంటిదే ఉన్నది. మన ఊరి గాలిల ఏమేముంటదో మీకు నేను చెప్పాల్నా?"

"గింత సన్నదాన్లకెల్లి గాలి పోతదా?"

"గాలి పోతది. దుమ్ము పోదు."

ఆమోసు ఇరవై ఆరేళ్ళు బొగ్గు దుమ్ము పీల్చిన తన రొమ్ము మీద చెయ్యి వేసుకున్నాడు. తర్వాత పప్పన్నం తిన్నాడు. చెప్పేసిన మనిషికి ఆకలి వేస్తుందని అతనికి తెలియదు.

ఒంటిగంటన్నరకు కరెంటు పోయింది.

వెనక కిటికీలోంచి చూస్తే పవర్ ప్లాంటు గొట్టాలు ఆకాశంలోకి పొగ వదులుతున్నాయి. "ఈడ పుట్టిన కరెంటు ఈడ ఉండదు" అని వేదిక తల కొట్టుకుంది. జనరేటరు బాగుచేయించడానికి కరీంనగర్ పోయి నెలయింది. గాలి కొట్టే యంత్రం ఆగిపోయింది. టాంకు మీద ఒత్తిడి చూపే ముల్లు నెమ్మదిగా దిగడం మొదలుపెట్టింది. అది ఎర్రగీత దిగితే లోపల ఒత్తిడి పోయి, ఏ సందు దొరికితే ఆ సందులోంచి టాంకు బయటి గాలిని పీల్చుకుంటుంది. ఈ మాట వేదిక చెబుతుండగానే ఆమోసు మూలన ఉన్న లారీ టైర్ల పంపు తెచ్చాడు. దాని రబ్బరు గొట్టాన్ని ఆ తెల్లటి వడపోతకు ముందున్న మూతికి తొడిగి, తీగ చుట్టి బిగించాడు. ఇందులో అతనికి ఎవరూ ఏదీ నేర్పనక్కరలేదు.

రెండు చేతులతో పంపు పిడి నొక్కాడు. ముల్లు వణికి, ఆగింది.

అతను వంద కొట్టాడు, ఆమె వంద కొట్టింది. అతను మళ్ళీ వంద. రెండు గంటలకు ఓపెన్‌కాస్టు బ్లాస్టింగు సైరన్ మోగింది. ఆ తర్వాత ఎర్రటి దుమ్ము ఎలా వస్తుందో ఇద్దరికీ తెలుసు. ఆమోసు లేచి తలుపు రెక్కలు మూశాడు. కిటికీలన్నీ మూశాడు. గోనెసంచులు తడిపి తలుపు కింది సందులో కుక్కాడు. బతుకంతా తెరిచిన చేతులు ఈ పని కొంచెం మొరటుగా, సంచులను మడమతో తన్నుతూ చేశాయి. నేల కదిలింది. రేకుల మీద చిన్న రాళ్ళు పడ్డట్టు చప్పుడైంది. సందుల్లోంచి వచ్చే వెలుతురు గోధుమ రంగుకు తిరిగింది.

మూసిన షెడ్డులో మే నెల మధ్యాహ్నం. పక్కన చల్లారని బాయిలరు.

"మీరు కూసోండ్రి కాకా, నేను కొడత."

"నువ్వు వంద అంటవ్, ఎనభై కాడికే దొంగలెక్క పెడుతున్నవ్."

"ఎనభై ఐదు" అంది వేదిక రొప్పుతూ, ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆమెకు తొందరగా ఆగింది. అతనికి దగ్గుగా మారి, చాలాసేపు ఆగలేదు. చొక్కా విప్పి నులకమంచం మీద పడేశాడు. బనీను ఒంటికి అంటుకుని పక్కటెముకలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. భుజాల మీద పాత బొగ్గు గాట్లు, నీలంగా, తోలు కింద ఉండిపోయినవి. పిడి కిందికి తోసినప్పుడల్లా అతను కళ్ళు ముల్లు మీదే ఉంచాడు. ఒకసారి అది ఎర్రగీత మీద వెంట్రుకంత దూరంలో నిలబడింది. మళ్ళీ లేచింది.

మూడున్నరకు కరెంటు వచ్చింది. యంత్రం గుర్రుమంది. ఆమోసు పంపు పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు. వేదిక కుండలోంచి నీళ్ళు ముంచి ఇస్తే సగం తాగి, సగం నెత్తిన పోసుకున్నాడు. "దవాఖానకు పోదమా?" అంది ఆమె అతని ముఖం చూసి.

"ఏం ఫికర్ లేదు. నువ్వు జల్ది పోయి చూడు. నాలుగైతున్నది."

ఆమె చుక్క తీసి పక్క గదిలోకి పోయింది. రాలేదు. ఆమోసు లేచి గడప దాకా పోయి, లోపలికి పోకుండా నిలబడ్డాడు. ఆమె పలక కొంచెం జరిపి చూసింది, ఇంకొంచెం జరిపి చూసింది, రెండో చుక్క పెట్టి చూసింది. తల ఎత్తినప్పుడు కళ్ళ చుట్టూ గుండ్రటి గుర్తులు పడి ఉన్నాయి.

"అన్ని ఒక్క తీరుగనే ఉన్నయి కాకా. వేరేది ఒక్కటి లేదు."

ఆమోసును పిలిచి కుర్చీలో కూర్చోబెట్టింది. ఏడాదిన్నరలో ఆ కుర్చీలో అతను ఎప్పుడూ కూర్చోలేదు. ఒక కన్ను మూసి చూశాడు. ముందు తన రెప్పవెంట్రుకలే కనిపించాయి. తర్వాత వెలుగు, ఆ వెలుగులో సన్నటి పుల్లలు, లెక్కలేనన్ని, ఒకదాన్నొకటి రాసుకుంటూ, సంతలో జనంలాగా ఎటో తొందరగా పోతున్నాయి.

"ఇవన్ని బతికున్నయా?"

"అన్ని బతికున్నయి."

"ఓ యేసయ్యా" అన్నాడు ఆమోసు మెల్లగా. కుర్చీ వదలబుద్ధి కాలేదు. "ఇంకోసారి చూడొచ్చా?"

వేదిక నవ్వి, ఇంకోసారి చూడనిచ్చింది.

సాయంత్రం డ్యూటీకి శాంతిరాజ్ వచ్చాక ఆమోసు పుస్తకంలో సంతకం చేసి, చొక్కా వేసుకుని, గేటు దగ్గర ఆగాడు. "మరి... సారుకు?"

"రేపు పొద్దుగాల ఏడింటికి రావాలె. డబ్బాల్ల నింపుడున్నది. మూత జోలికి మాత్రం పోవద్దు" అంది వేదిక. ఒక పాత టానిక్ సీసాలో టాంకులోని నీళ్ళు నింపి, మూతికి దూది పెట్టి అతని చేతికిచ్చింది. "ఇంటికాడ అవ్వకు ఇయ్యుండ్రి. చిక్కుడు పాదు మొదట్ల పొయ్యమనుండ్రి. బిరడా బిగించొద్దు, దూదే ఉండాలె."

ఇంటికి పోయే షేర్ ఆటో రాజం అనేవాడిది. ఆరుగురు ఎక్కారు. ఆమోసు వెనక సీటులో చివరి మూలన ఒదిగాడు. రాజం అద్దంలోంచి చూశాడు.

"ఏంది కాకా చేతుల? షెడ్డుల మంచిగనే దించుతున్నట్టుండ్రు. నాకో గుక్క పోస్తవా?"

"తాగితె నీ నెత్తి మీద చెట్టు మొలుస్తది."

ఆటో అంతా నవ్వింది. బస్టాండు దాటింది. రోడ్డు పక్కన మట్టి గుట్టలు సాయంత్రపు ఎండలో ఇటుక రంగులో, ఒక్క ఆకు లేకుండా నిలబడి ఉన్నాయి. ఆమోసు వాటిని చాలాసేపు చూశాడు. ఐదెకరాలంటే ఎక్కడి నుంచి ఎక్కడి దాకానో కంటితో కొలిచాడు. రొమ్ములో ఎవరో నెమ్మదిగా తాడు బిగిస్తున్నట్టు ఉంది. నొప్పి కంటే అలసట ఎక్కువ. సీసాను సీటుకూ కడ్డీకీ మధ్య జాగ్రత్తగా నిలబెట్టి, తల కడ్డీకి ఆనించాడు. గాలి ముఖానికి కొడుతోంది. వేడిగా ఉన్నా గాలే.

మార్కెట్ దగ్గర ముగ్గురు దిగారు. గాంధీ బొమ్మ దగ్గర ఇద్దరు. చర్చి సందు మొదట్లో రాజం ఆటో ఆపాడు.

"కాకా, మీ గల్లీ వచ్చింది."

ఇంజను ఆపకుండానే ఇంకోసారి పిలిచాడు. అద్దంలో చూశాడు. తర్వాత ఇంజను ఆపి, దిగి, వెనక్కి వచ్చి, భుజం మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి తియ్యకుండానే తలకు కట్టిన రుమాలు విప్పి చేత పట్టుకున్నాడు.

సందులోంచి మనుషులు వచ్చారు. రాహేలు వచ్చింది, పిండి చేతులతోనే, ఎవరు చెప్పారో. నలుగురు కలిసి అతన్ని దించుకుని ఇంటివైపు నడిచారు. అందరూ వాళ్ళ వెనకే పోయారు.

ఆటో వెనక సీటు మూలలో టానిక్ సీసా నిలబెట్టినట్టే ఉంది. మూతికి తెల్లటి దూది, లోపల పలుచటి బెల్లం రంగు నీళ్ళు, అతన్ని దించినప్పటి కుదుపుకు ఇంకా కొంచెం కొంచెంగా ఊగుతూ.